గుడ్డు లేని కస్టర్డు, పాలు లేని మీగడ

మొదటిసారి గిలక్కొట్టినప్పుడు నాకు క్రీము రాలేదు, వెన్న వచ్చింది.

వారం రోజులపాటు గేదెపాల మీద మీగడ తీసి ఫ్రిజ్‌లో దాచాను. చెల్లెలి కొడుకు పుట్టినరోజుకి కేకు, కస్టర్డు, పండ్లు పొరలు పొరలుగా గాజు గిన్నెలో పేర్చి, పైన తెల్లగా నురగలాంటి క్రీము వేసి ట్రైఫిల్ చెయ్యాలని ఆశ. ఏప్రిల్ నెల, నెల్లూరు జిల్లా కృష్ణపట్నం, మధ్యాహ్నం రెండు గంటలు. కరెంటు పోయింది. చేతి కవ్వంతో పావుగంట తిప్పేసరికి మీగడ గట్టిపడినట్టే గట్టిపడి ఒక్కసారిగా విరిగింది. అంచుల్లో పసుపుపచ్చ పూసలు, అడుగున నీళ్లు. అవ్వ వచ్చి గిన్నెలోకి తొంగిచూసి, "ఏంది మే, మజ్జిగ చిలకతా క్రీము అంటుండావు?" అంది. వెన్న తీసుకుపోయి నెయ్యి కాచేసింది. ఆ సాయంత్రం పిల్లలు పైపొర లేని ట్రైఫిల్ తిన్నారు. నెయ్యి మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

తింటూ తింటూ అవ్వ ఇంకో మాట అడిగింది. "దీన్ని కనిపెట్టినోడు ఎవడు మే? ఇంట్లో మిగిలిపోయిందంతా ఒక గిన్నెలో వేసినట్టుండాది."

అవ్వకి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను గాని, తర్వాత చదివిన కొద్దీ ఆమె మాటే నిజమని తేలింది. దీన్ని కనిపెట్టినవాడంటూ ఒకడు లేడు. మిగిలిపోయినవే వేశారు. అసలు పేరే ఆ సంగతి చెబుతుంది. ట్రైఫిల్ అంటే ఇంగ్లీషులో అల్పమైనది, పెద్దగా పట్టించుకోనక్కర్లేనిది. పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. ఇంగ్లండులో 1585లో అచ్చయిన థామస్ డాసన్ వంటల పుస్తకంలో ఈ పేరుతో ఒక వంటకం ఉంది. అందులో కేకు లేదు, పండు లేదు, పొర లేదు. చిక్కటి మీగడలో చక్కెర, అల్లం, పన్నీరు వేసి గోరువెచ్చగా చేసిన పదార్థం, అంతే. పన్నీరంటే జున్నులాంటి పనీర్ అనుకునేరు, గులాబీ నీళ్లు.

పొరలు రావడానికి ఇంకో నూట యాభై ఏళ్లు పైనే పట్టింది. ఎండిపోయిన బిస్కెట్లు, గట్టిపడ్డ కేకు ముక్కలు పారెయ్యడం ఎవరికి మనసొప్పుతుంది? వాటిని తియ్యటి ద్రాక్షసారాలో తడిపి మెత్తబరిచారు, మీద కస్టర్డు పోశారు, ఆపైన నురగ మీగడ. ఈ రూపాన్ని ఇంటింటికీ చేర్చినవాళ్లలో హన్నా గ్లాస్ ఒకరు. ఆమె వంటల పుస్తకం 1747లో లండన్‌లో వచ్చింది. రచయిత పేరున్న చోట 'ఒక స్త్రీ' అని మాత్రమే వేశారు. పనివాళ్లకి కూడా అర్థమయ్యే మాటల్లో రాయడంతో పుస్తకం దశాబ్దాల తరబడి అచ్చవుతూనే ఉంది. ఆవిడ మాత్రం 1754లో దివాలా తీసి, 1757లో అప్పుల జైలుకి వెళ్లింది. 

ఈ తీపి మన వైపుకు మద్రాసు మీదుగా వచ్చి ఉండాలి. నెల్లూరు జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. దొరల బంగళాల్లో వంటవాళ్లు మనవాళ్లే. కల్నల్ కెన్నీ హెర్బర్ట్ అనే సైనికాధికారి 'వైవర్న్' అనే కలంపేరుతో మద్రాసు దొరసానుల కోసం వంటల వ్యాసాలు రాసి, 1878లో పుస్తకంగా వేశాడు. అందులో వంటవాడికి రామసామి అని పేరు పెట్టి, వాడి చేత ఏ పని ఎలా చేయించాలో పేజీల కొద్దీ చెప్పాడు. వంటింట్లో ఎండకి కరిగేదాన్ని కరగకుండా చూడాల్సింది రామసామే కదా, ఆయన ఏం చేసేవాడో ఆయన మాటల్లో ఎవరూ రాసుకోలేదు. నాకు ఆ పుస్తకం చదివినప్పుడల్లా అదే వెలితి.

ఇక మన గిన్నెలోకి వద్దాం. ఈరోజు మా పక్కనున్న ముత్తుకూరు బేకరీలో కేకు, కిరాణా కొట్టులో కస్టర్డు పొడి, చైనా గ్రాస్, విప్పింగ్ క్రీము పెట్టె కొనుక్కుని గంటలో ట్రైఫిల్ చేసేస్తున్నాం. ఈ సులువు వెనక ఎవరి కథ వాళ్లకుంది. అందరి కథా 'ఇది లేదు, ఇప్పుడెలా' అన్న చోటే మొదలవుతుంది.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది కస్టర్డు కథ.

అసలు కస్టర్డంటే గుడ్డుసొన, పాలు, చక్కెర. సన్నటి సెగ మీద తిప్పుతూనే ఉండాలి. కాస్త వేడెక్కువైతే సొన గడ్డలు కట్టి, పాలలో వేసిన గుడ్డు పొరుటులా తయారవుతుంది. బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల తయారీదారు 1837లో దుకాణం పెట్టాడు. ఆయన భార్య ఎలిజబెత్‌కి గుడ్డు పడదు. ఈస్టు కూడా పడదు. అంటే కస్టర్డు తినకూడదు, రొట్టె తినకూడదు. ఇంగ్లీషు ఇంట్లో ఈ రెండూ మానేస్తే ఇక మిగిలేదేముంది! మందులు నూరే చేతులతోనే బర్డ్ ఒక పొడి కలిపాడు. గుడ్డు చేసే పనిని పిండి చేత చేయించాడు. ఆ పొడిని పాలలో ఉడికిస్తే పాలు చిక్కబడి, పసుపుపచ్చగా నిగనిగలాడే కస్టర్డు తయారైంది. ఒకసారి ఇంటికొచ్చిన అతిథులకి అదే వడ్డిస్తే వాళ్లు ఇష్టంగా తిన్నారని, అప్పుడు గాని ఆయనకి దాన్ని అమ్మవచ్చన్న ఆలోచన రాలేదని చెబుతారు. 1843లో, ఈస్టు లేకుండా రొట్టె పొంగడానికి బేకింగ్ పౌడర్ చేశాడు. అదీ భార్య కోసమే. అంటే మన ట్రైఫిల్‌లో కస్టర్డు పొరా, అడుగున కేకు పొంగడానికి వేసిన పొడీ రెండూ ఎలిజబెత్ కడుపుకి పడని వాటి పుణ్యమే. డబ్బా మీద ఆమె పేరు లేదు. 'బర్డ్స్' అన్నది ఇంటిపేరు కాబట్టి ఆమెదీ ఉందని సరిపెట్టుకోవాలి.

కస్టర్డు పొడిలో ఇప్పుడు ఉండేది ప్రధానంగా మొక్కజొన్న పిండి, వెనీలా వాసన, రంగు. బర్డ్ వారి పొడికి ఆ పసుపు జాఫ్రా గింజల నుంచి వస్తుంది. మన విశాఖ మన్యంలో పండే ఆ జాఫ్రాయే. మన దేశంలో పుణేలో 1956లో మొదలైన వీక్‌ఫీల్డ్ లాంటి కంపెనీలు ఈ పొడిని మధ్యతరగతి వంటింటి అలమరలోకి తెచ్చాయి. గుడ్డు ముట్టని ఇళ్లలోకి కూడా కస్టర్డు ఇంత ధైర్యంగా అడుగుపెట్టిందంటే బర్మింగ్‌హామ్‌లో ఒకావిడకి గుడ్డు పడకపోవడమే కారణమని, పెళ్లి భోజనంలో ఫ్రూట్ కస్టర్డు రెండోసారి వడ్డించుకునేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

పిండి ఎందుకు చిక్కబడుతుందో తెలిస్తే ఉండలు కట్టకుండా చెయ్యడం వచ్చేస్తుంది. మొక్కజొన్న పిండిలోని రేణువులు చల్లటి పాలలో నీళ్లు పీల్చుకోకుండా విడివిడిగా తేలుతుంటాయి. అరవై, డెబ్భై డిగ్రీల వేడి తగలగానే నీళ్లు తాగి ఉబ్బుతాయి, ఒకదానికొకటి అంటుకుంటాయి. పొడిని నేరుగా మరిగే పాలలో వేస్తే ఉండ పైభాగం క్షణంలో ఉబ్బి గట్టి తొడుగైపోతుంది, లోపల పొడి పొడిగానే మిగులుతుంది. అందుకే ముందు కప్పు చల్లటి పాలలో కలుపుకుని, దాన్ని మరిగే పాలలోకి ధారగా పొయ్యాలి. రాగిజావ కాచేవాళ్లకి ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. అవ్వకి నేను కస్టర్డు చేసే పద్ధతి చూపిస్తే, "అంబలే గదా" అని తేల్చేసింది.

ఇక మధ్యలో జెల్లీ పొర. ఇక్కడ రెండు తరగతులవాళ్లున్నాం: పశువుల ఎముకలు, తోళ్ల నుంచి వచ్చే జెలటిన్ వాడేవాళ్లు, వద్దనేవాళ్లు. వద్దనేవాళ్లకి చైనా గ్రాస్. పేరులో చైనా ఉంది గాని కథ జపానుది. పదిహేడో శతాబ్దం మధ్యలో, 1658లో అంటారు, క్యోటో దగ్గర ఫుషిమిలో ఒక సత్రం యజమాని సముద్రపు నాచు ఉడికించి చేసిన జెల్లీ మిగిలిపోతే బయట పడేశాడు. చలికాలం. రాత్రికి గడ్డకట్టింది, పగలు కరిగి నీరు కారింది, మళ్లీ రాత్రికి గడ్డకట్టింది. కొన్నాళ్లకి తెల్లటి తేలికైన ఎండు పీచు మిగిలింది. దాన్ని నీళ్లలో మరిగిస్తే మునుపటికంటే తెల్లటి, వాసన లేని జెల్లీ వచ్చింది. మినో తారోజాయెమోన్ అని ఆ మనిషి పేరు చెబుతారు. పడేసినదాన్ని మళ్లీ చూసే అలవాటు ఉండటమే ఆయన గొప్ప.

ఈ నాచు జెల్లీ కథకి ఇంకో మలుపు ఉంది. జర్మనీలో వాల్టర్ హెస్ అనే వైద్యుడు రాబర్ట్ కోచ్ ప్రయోగశాలలో సూక్ష్మజీవులను పెంచే పనిలో ఉన్నాడు. జెలటిన్ మీద పెంచితే ఎండాకాలం కరిగిపోతోంది, పైగా కొన్ని సూక్ష్మజీవులు దాన్నే తినేసి నీరు చేస్తున్నాయి. ఇంట్లో నువ్వు చేసే జెల్లీలు ఎండలో కూడా ఎందుకు కరగవని ఆయన 1881లో భార్య ఫానీని అడిగాడు. ఫానీ న్యూయార్క్‌లో పుట్టింది. జావాలో ఉండి వచ్చిన డచ్చి పొరుగువాళ్ల దగ్గర అగర్, అంటే మన చైనా గ్రాసే, వాడటం నేర్చుకుంది. అదే చెప్పింది. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఆస్పత్రి ల్యాబుల్లో సూక్ష్మజీవులను పెంచే పళ్లెం అడుగున ఉండేది ఎక్కువగా అదే. కఫం పరీక్షకి ఇచ్చిన ప్రతివాడూ ఫానీ హెస్ వంటింటికి ఎంతో కొంత బాకీ ఉన్నట్టే.

మా కృష్ణపట్నం లాంటి చోట చైనా గ్రాస్ అక్కరకొచ్చేది ఇందుకే. జెలటిన్ జెల్లీ ముప్ఫై ఐదు డిగ్రీలు దాటితే కారిపోతుంది. మే నెలలో నెల్లూరు నీడలోనే నలభై దాటుతుంది. చైనా గ్రాస్ ఒకసారి గట్టిపడ్డాక ఎనభై ఐదు డిగ్రీల దాకా కదలదు. కరెంటు ఆరు గంటలు పోయినా పొర అలాగే నిలబడుతుంది. అర లీటరు రసానికి 5 గ్రాముల పీచు చాలు. పూర్తిగా కరిగేదాకా విడిగా నీళ్లలో మరిగించుకోవాలి, అంతే. జెలటిన్‌తో చేసేవాళ్లు పచ్చి అనాసపండు వేస్తే అసలు గట్టిపడదు, ఆ పండులో ఉన్న ఎంజైము జెలటిన్‌ని కోసేస్తుంది. చైనా గ్రాస్‌కి ఆ బెంగ లేదు. కాని పచ్చి అనాస కస్టర్డుకి తగిలితే పాలు చేదెక్కుతాయి, కాబట్టి ఎలా చేసినా అనాస ముక్కల్ని చక్కెరలో ఉడికించే వెయ్యండి.

ఇప్పుడు నా వెన్న సంగతికి వస్తాను, అంటే పైపొరకి. మా ఊరికీ ఈ కథకీ చుట్టరికం కలిసేది అక్కడే.

మీగడ నురగగా నిలవాలంటే అందులో కనీసం ముప్ఫై శాతం కొవ్వు ఉండాలి, చల్లగా ఉండాలి. కొవ్వు బొట్లు చల్లదనంలో సగం గట్టిపడి గాలి బుడగల చుట్టూ గోడ కడతాయి. వేడిగా ఉంటే గోడ కట్టడానికి బదులు బొట్లన్నీ ఒకటై వెన్నగా విడిపోతాయి. నేను చేసింది అదే. కొట్లో దొరికే ఫ్రెష్ క్రీము పెట్టెలో కొవ్వు ఇరవై ఐదు శాతమే. దాన్ని ఎంత గిలక్కొట్టినా నిలబడదు. రెండోసారి నేను ఆ తప్పూ చేశాను.

ఈ బాధలు లేని క్రీము కథ యుద్ధంతో మొదలవుతుంది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికాలో మీగడ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టారు. బఫెలో నగరంలో పాల వ్యాపారం చేసే రాబర్ట్ రిచ్ అప్పుడు ప్రభుత్వం తరఫున పాల పంపిణీ చూసే పనిలో డెట్రాయిట్ వైపు ఉన్నాడు. అక్కడ హెన్రీ ఫోర్డ్ వాళ్ల ప్రయోగశాలలో సోయా చిక్కుళ్ల నుంచి పాలు తీస్తుండటం చూశాడు. చిక్కుళ్ల నుంచి పాలొస్తే మీగడ మాత్రం ఎందుకు రాదని పట్టుబట్టి చేశాడు. 1945లో లాంగ్ ఐలండ్‌లో అమ్మకందార్లకి చూపించడానికి రైల్లో వెళ్తూ దాన్ని డ్రై ఐస్‌లో పెట్టుకెళ్లాడు. తీరా చూస్తే రాయిలా గడ్డకట్టి ఉంది. పాల మీగడైతే గడ్డకట్టాక కరిగితే విరిగి నీరై పనికిరాకుండా పోతుంది. సిగ్గుపడుతూనే కత్తితో ముక్కలు చేసి గిలక్కొట్టాడు. చక్కగా నురగ లేచింది. గడ్డకట్టించి ఎంత దూరమైనా పంపగల మీగడ అలా పుట్టింది.

ఇప్పుడు మన బేకరీల్లో, ఇళ్లలో వాడే విప్పింగ్ క్రీము పెట్టెల్లో చాలావాటిలో సోయా బదులు పామ్ గింజ నూనె ఉంటుంది. ఆ నూనె కొబ్బరినూనెకి దగ్గరి చుట్టం. చల్లగా ఉంటే గట్టిగా ఉంటుంది, నోట్లో వెచ్చదనానికి ఇట్టే కరిగిపోతుంది. పాలు చుక్క కూడా ఉండనక్కర్లేదు. అందుకే పెట్టె మీద క్రీము అని కాకుండా 'నాన్ డైరీ' అని రాస్తారు, చదివి కొనండి.

ఇక మా ఊరి చుట్టరికం. కృష్ణపట్నం పేరు దేశమంతా వినపడింది 2021 మే నెలలో, కరోనాకని ఆనందయ్య ఇచ్చిన మందు కోసం జనం బారులు తీరినప్పుడు. ఊరివాళ్లకి మాత్రం అంతకుముందే, 2008లో కొత్త రేవు మొదలైనప్పటి నుంచీ ఊరి ముఖం మారిపోయింది. బొగ్గు వచ్చింది, దాని ధూళి వచ్చింది, ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడల్లో పామాయిల్ వచ్చింది. రేవు నుంచి పంటపాళెం దాకా నూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీలు లేచాయి. ముత్తుకూరు రోడ్డు మీద రాత్రీ పగలూ నూనె ట్యాంకర్లే. మా ఇంటి ముందు నుంచి పోయే నూనె పామ్ పండు కండ నుంచి తీసింది, క్రీములోది అదే పండు గింజలోది. ఒకే పండుకి పుట్టిన అన్నదమ్ములు. నూనె గట్టిపరిచే పద్ధతిలో వచ్చే ట్రాన్స్ కొవ్వు గుండెకి చేటు కాబట్టి, 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో అది 2 శాతం మించకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ కట్టడి చేసింది. అయినా ఈ క్రీము పండక్కీ పబ్బానికీ తినేదే గాని రోజూ తినేది కాదని నా అభిప్రాయం. మీగడ రుచి దీనికి రాదు. నిలబడే గుణం మీగడకి రాదు. రెండూ కావాలంటే సగం సగం కలపండి.

మూడోసారి నేను గెలిచింది రొయ్యల పుణ్యాన. మా వైపు రొయ్యల గుంటలు ఎంత ఉన్నాయో ఐసు ఫ్యాక్టరీలకి అంత గిరాకీ. తెల్లవారుజామున ఐసు బండి దగ్గర రెండు తట్టల పొడి చేసిన ఐసు పట్టించుకున్నాను. వెడల్పాటి బేసిన్‌లో ఐసు పోసి, గుప్పెడు కల్లుప్పు చల్లి, దానిలో స్టీలు గిన్నె కుదురుగా పెట్టి, ఫ్రిజ్‌లో రాత్రంతా కరిగించిన విప్పింగ్ క్రీము పోసి గిలక్కొట్టాను. ఐదు నిమిషాల్లో గిన్నె నిండింది. తలకిందులు చేసినా జారలేదు. అవ్వ ఐసు బేసిన్ వాసన చూసి, "నీచు వాసన కొడతాదేమో చూసుకో మే" అని హెచ్చరించింది. అందుకే క్రీము గిన్నెకి మూత, ఐసుకి గోనెసంచి.

ట్రైఫిల్ పేర్చడంలో నాకు తెలిసిన పాఠం ఒకటే: తడి, పొడి ఒకదాని మీద ఒకటి రావాలి. అడుగున కేకు. నిన్నటిదైతే మంచిది, తాజా కేకు తడి తగలగానే జావైపోతుంది. కేకు లేకపోతే రస్కులు. వైన్ సంగతి మరిచిపోయి బత్తాయి రసం చిలకరించండి. దాని మీద ఆరిన కస్టర్డు. వేడిది పోస్తే అడుగున కేకు గుంట పడుతుంది. ఆరేటప్పుడు తెట్టు కట్టకుండా పైన పల్చటి కవరు అంటేలా కప్పండి. తర్వాత పండ్లు. బంగినపల్లి దొరికినన్నాళ్లు ఇంకోదాని వైపు చూడనక్కర్లేదు. సపోటా బాగుంటుంది, దానిమ్మ చూడ్డానికి బాగుంటుంది. ఆపైన గట్టిపడ్డ చైనా గ్రాస్ ముక్కలు, చివర క్రీము. ఫ్రిజ్‌లో కనీసం నాలుగు గంటలు. గాజు గిన్నె లేకపోతే టీ గ్లాసుల్లో విడివిడిగా చెయ్యండి, పిల్లలు కొట్టుకోరు.

ఈ పొరల ఆటని మన తెలుగునేల మీద బాగా ఒంటబట్టించుకున్నది హైదరాబాదు. ఎండు ఖుబానీలు, అంటే ఆప్రికాట్ పండ్లు, రాత్రంతా నానబెట్టి చక్కెరలో ఉడికించిన ఖుబానీ కా మీఠా అక్కడ పాతదే. ఎవరో దాన్ని కేకు మీద పరిచి, కస్టర్డు పోసి, క్రీము వేసి ఆప్రికాట్ డిలైట్ అన్నారు. ఎవరన్నారో ఎవరికి వాళ్లు మేమే అంటారు. రుచి చూస్తే నవాబుల వంటింటికీ దొర బంగళాకీ వియ్యం కుదిరినట్టు ఉంటుంది. నెల్లూరు వాళ్లం మలైకాజా విషయంలో ఎంత గర్వపడినా, ఈ ఒక్క దానికి హైదరాబాదుకి దణ్ణం పెట్టాల్సిందే.

మొన్న సంక్రాంతికి అవ్వ తానే అడిగి చేయించుకుంది. చెంచాతో అడుగుదాకా తవ్వి అన్ని పొరలూ ఒకేసారి నోట్లో పెట్టుకుంది. కాసేపు ఆలోచించి, "పైన వేసినది మీగడ గాదు, నాకు తెలస్తాది. కానీలే, బాగుండాది" అంది.

ఒక్క మాట మరిచాను. అరటిపండు వేసేవాళ్లు కోసిన వెంటనే నిమ్మరసం పిండండి, లేకపోతే తెల్లారేసరికి ఆ పొర నల్లబడి ఊరుకుంటుంది. గూడూరు నిమ్మకాయ అర చెక్క చాలు.